పలక మోత పెరిగిన ఊళ్లు

"మా ఊరికి ఏదో సోకింది నాయనా. సంకురాత్రి నుంచి ఇప్పటికి పదకొండు సావులు. మా చిన్నతనంలో ఇట్లా ల్యాకపాయ."

అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోయే రోడ్డు మీద ఒక చిన్న ఊరు. వేపచెట్టు కింద రచ్చకట్ట మీద కూర్చుని ఆ పెద్దాయన అన్న మాట ఇది. పక్కనున్న ఇద్దరూ తలలూపారు. జాతర చెయ్యక ఎనిమిదేళ్లయింది, అమ్మవారికి కోపం రాదా అన్నాడు ఒకాయన. ఇంకొకాయన తప్పంతా బోరు నీళ్ల మీద వేశాడు. కారణాల దగ్గర ఒకరితో ఒకరికి పొసగలేదు గానీ ఫిర్యాదు మాత్రం ముగ్గురిదీ ఒకటే. వెనకటికన్నా ఇప్పుడు చావు పలక ఎక్కువ మోగుతోంది.

వాళ్లు చెప్పిన లెక్క తప్పు కాదు. పదకొండు మంది పేర్లూ వేళ్ల మీద ఎంచి చెప్పారు. అయినా వాళ్ల ఊళ్లో ముసలివాళ్లు చనిపోయే వేగం వాళ్ల తాతల కాలంతో పోలిస్తే చాలా తగ్గింది. చావులు పెరిగాయి, చావు తగ్గింది. ఈ తిరకాసు నోటిమాటతో తేలదు. ఆ పూట మా మధ్య ఎండబెట్టిన శెనక్కాయల చాట ఒకటుంది కాబట్టి తేలింది.

ఒక ఊరిని ఊహించుకుందాం. వెయ్యి మంది జనం, అందులో అరవై దాటినవాళ్లు 100 మంది. వాళ్లలో ఏడాదికి నూటికి ఆరుగురు పోతారనుకుందాం, అంటే ఆరు కాయలు. మిగిలిన 900 మందిలో నలుగురు పోయారు, నాలుగు కాయలు. మొత్తం పది. పాతికేళ్లు గడిచాయి. ఊళ్లో ఇప్పుడూ వెయ్యి మందే. కాకపోతే పిల్లలు తక్కువ పుట్టారు, వయసు పిల్లలు బెంగుళూరు దారి పట్టారు, ముసలివాళ్లేమో ముందుకన్నా ఎక్కువకాలం బతికారు. అరవై దాటినవాళ్లు ఇప్పుడు 240 మంది. వాళ్లలో పోయేది నూటికి ఆరుగురు కాదు, ఐదుగురే. ఐదే అయినా 240 మందికి పన్నెండు కాయలు పక్కన పెట్టాలి. మిగతా 760 మందిలో ఇద్దరు. మొత్తం పద్నాలుగు. ముసలివాళ్లలో చావు రేటు తగ్గింది, చిన్నవాళ్లలో ఇంకా తగ్గింది, పలక మాత్రం పదిసార్లకు బదులు పద్నాలుగుసార్లు మోగింది.

పాత ఊరినీ కొత్త ఊరినీ సరిగ్గా పోల్చాలంటే ఒకే కొలపాత్ర వాడాలి. పాత ఊరి జనాన్నే ఉంచి, అంటే 100 మంది పెద్దలు, 900 మంది మిగతావాళ్లు, వాళ్లకు ఇప్పటి రేట్లు వేస్తే చావులు ఏడు దాటి ఎనిమిదికి చేరవు. పది నుంచి పద్నాలుగుకు పెరిగిందని కంటికి కనిపించింది నిజానికి పది నుంచి ఏడుకు దిగింది. ఇంగ్లండులో విలియం ఫార్ లాంటి లెక్కల మనుషులు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ ఉపాయం కనిపెట్టారు. ఇప్పటికీ పత్రికల్లో "మరణాల రేటు" అని వచ్చే అంకె ఎక్కువగా ఈ సవరణ లేని మొరటు అంకే. దాన్ని పట్టుకుని చూస్తే ఈమధ్య ఏళ్లలో కేరళలో వెయ్యికి దాదాపు ఏడుగురు చనిపోతుంటే బీహార్లో దాదాపు ఐదున్నర. బీహార్లో ఆరోగ్యం బాగుందని ఎవరూ అనరు. కేరళలో ముసలివాళ్లు ఎక్కువ, అంతే.

పెద్దాయన కాయలన్నీ మళ్లీ చాటలోకి తోసి, ఒకటి వొలుచుకుని నోట్లో వేసుకున్నాడు. "అయితే బెంగుళూరు పోయినోళ్లు సావును మాకిడిచి పోయినారంటావు" అన్నాడు. గణాంక శాస్త్రవేత్తలకు ఇంత సూటిగా చెప్పడం రాదు.

వెనకటి చావును చూడాలంటే గుత్తికి పోవాలి. కోట కింద ఉన్న దొరల సమాధుల్లో ఒకటి సర్ థామస్ మన్రోది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదులుకున్నాక ఏడేళ్లపాటు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి రైత్వారీ పద్ధతిని పాదుకొల్పిన మనిషి. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. ఉద్యోగం ముగించి స్వదేశం పోయే ముందు తనకిష్టమైన ఈ జిల్లాలను మరొక్కసారి చూడాలని వచ్చాడు. 1827 జూలై 6న పత్తికొండ మజిలీలో పొద్దున కలరా తగిలింది, రాత్రికి ప్రాణం పోయింది. వయసు 66. గుత్తిలో పూడ్చారు, కొన్నేళ్లకు అస్థికలను మద్రాసుకు తరలించారు. రాజధాని మొత్తాన్ని ఏలే మనిషిని, వెంట వైద్యుడు, పరివారం ఉండగానే, ఒక్క పగటిపూటలో నీళ్ల రోగం తీసుకుపోయింది. ఆ రోజుల్లో 66 ఏళ్ల సామాన్యుడికి ఏ ఆసరా ఉండేదో ఊహించుకోవచ్చు. ఈ ఎర్రనేలలో ఒకప్పుడు ముసలితనపు చావు వేళ్లు నీళ్లలో, గింజల్లో, దోమల్లో ఉండేవి. ఇప్పుడవి గుండెలో, నెత్తురులో ఉన్నాయి.

ఇక ధాత కరువు. అనంతపురం గురించి రాసేవాళ్లెవరూ దాన్ని దాటి పోలేరు. చావు లెక్కల గురించి రాసేవాళ్లయితే అక్కడ ఆగి తీరాలి. 1876లో ధాత నామ సంవత్సరం వచ్చింది, వాన రాలేదు. మరుసటి ఏడాదీ అంతే. పడమటి కనుమల వెనక ఉండటం వల్ల నైరుతి మేఘాలు ఇక్కడికి సగం ఖాళీ అయి వస్తాయి, తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్యపు వానలు చివరికొసే తగులుతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే అది మామూలు ఏడు. అదీ పడకపోతే ఏమవుతుందో ఆ రెండేళ్లలో తెలిసింది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం, 1882లో గానీ వేరు జిల్లా కాలేదు. తర్వాత అనంతపురం జిల్లా అయిన ప్రాంతంలో 1871 జనాభా లెక్కల్లో సుమారు ఏడు లక్షల నలభై వేల మంది ఉంటే 1881కి ఆరు లక్షలు మిగిలారు. ఐదుగురిలో ఒకరు లేరు. ఇంటికొకరు అని అప్పటివాళ్లు అన్నది ఊరికే అన్న మాట కాదు.

మద్రాసు రాజధానిలో చావుల చిట్టాకు బాధ్యుడు పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్. మామూలు ఏళ్లలో ఆరు లక్షలకు అటూ ఇటూగా ఉండే నమోదు మరణాలు 1877లో పదిహేను లక్షలు దాటాయి. ప్రభుత్వం పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనిలో మగ కూలికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని నిర్ణయించాడు. రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని కార్నిష్ పోరాడాడు. ఆయన చేతిలో ఉన్న ఆయుధం ఆ చావుల పట్టికే. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. చావుల లెక్క రాజ్యం మెడలు కొంచెమైనా వంచిన సందర్భం అది.

ఆ పట్టికలో కంతలు చాలా ఉన్నాయి. చావు రాయాల్సిన గ్రామ మునసబు, కరణం కూడా కరువులోనే ఉన్నారు. ఊరిడిచి బళ్లారి దారిలోనో కడప దారిలోనో కూలిన ముసలమ్మ ఏ ఊరి చిట్టాలోనూ ఎక్కలేదు. చావులు మరీ ఎక్కువైన చోటే రాయడం ఆగిపోయింది. నమోదైన చావులకన్నా జనాభా లెక్కలో తగ్గిన తలలు ఎక్కువ ఉండటానికి అదొక కారణం. ఇంకో సంగతి ఉంది. అన్ని చావులూ ఎండిన రోజుల్లో జరగలేదు. వాన వచ్చాకా జనం పోయారు. తడిసిన నేల, నిండిన కుంటలు, దోమలు, నెత్తురు లేని ఒళ్లు. ఆకలికి తట్టుకున్నవాళ్లు జ్వరానికి తట్టుకోలేకపోయారు. వానకోసం రెండేళ్లు ఆకాశం చూసినవాళ్లను ఆ వానే పట్టుకుపోయింది.

కరువేళ్లలో పుట్టిన పిల్లలు కొద్దిమందే. వాళ్లలో ఎవరికైనా అరవై నిండి ఉంటే, సంవత్సరాల చక్రం ఒక చుట్టు తిరిగి 1936లో మళ్లీ ధాత వచ్చి ఉంటుంది. షష్టిపూర్తి అంటే అదే కదా, పుట్టిన ఏటి పేరు తిరిగి రావడం. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో మన దేశంలో పుట్టిన నూరుమందిలో అరవై చూసేది పది పదిహేను మంది. షష్టిపూర్తిని పెళ్లిలా చెయ్యాలన్న ఆచారం ఎందుకొచ్చిందో ఆ ఒక్క అంకె చెబుతుంది. ఇప్పుడు నూటికి ఎనభై మంది దాకా ఆ గీత దాటుతున్నారు. ఫంక్షన్ హాళ్ల వాళ్లకు సంతోషమే.

వయసు ఎట్లా తెలుస్తుందన్నది వేరే తిప్పలు. చావు రేటు అంటే ఒక భిన్నం. పైన చావులు, కింద ఆ వయసు మనుషులు. పైదాన్ని సరిగ్గా రాయడానికే నూట యాభై ఏళ్లు పట్టింది. 1899లో మద్రాసు రాజధాని జనన మరణ నమోదు చట్టం తెచ్చింది, దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది. నమోదు అందని చోట ఎంపిక చేసిన ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి జననాలు, మరణాలు రాసుకునే నమూనా నమోదు పద్ధతి కూడా ఆ కాలంలోనే మొదలైంది. అయితే భిన్నం కిందిభాగం, వయసు, ఇప్పటికీ గాలివాటమే. మా జేజి తన వయసు ఎప్పుడూ అంకెలో చెప్పలేదు. పెద్ద చెరువు తెగిన ఏడు ఆమెకు పెళ్లయింది, అంతే. మీరు ఎప్పుడైనా పల్లెల్లో పేర్లు రాసుకుంటే గమనించే ఉంటారు. వయసులన్నీ అరవై, అరవై ఐదు, డెబ్భై. అరవై మూడు, డెబ్భై ఒకటి అరుదు. జనాభా లెక్కల పట్టికలో సున్నా, ఐదు అంకెల దగ్గర కంబాలు లేచి ఉంటాయి, మధ్యలో గుంటలు.

దానికి తోడు ఆధార్. రచ్చకట్ట మీది పెద్దాయన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి కార్డు చూపించాడు. పుట్టిన తేదీ 01-01-1947. "ఆ పిల్లోడు జనవరి ఒకటి ఏసినాడు, నేనొద్దనలా." ఆయనకు తన పుట్టుక గురించి తెలిసింది ఒకటే. గంజి కేంద్రాలు పెట్టిన కరువులో వాళ్లమ్మ నిండు చూలాలు. చెంబు పట్టుకుని వరుసలో నిలబడలేక కూలబడిపోతే ఎవరో గంజి తెచ్చి పోశారట. అది 1952, నందన నామ సంవత్సరం. ఈ లెక్కన ఆయనకు కార్డు మీద ఉన్నదానికన్నా ఐదారేళ్లు తక్కువ. ఆ ఐదారేళ్లు ఆయనకు పింఛను ముందుగా తెచ్చిపెట్టాయి. వృద్ధాప్య పింఛనుకు అరవై ఐదేళ్లు నిండాలన్న రోజుల్లో అరవై దగ్గరే ఆయన గీత దాటాడు. దాన్ని మోసమనడానికి నాకు నోరు రాలేదు. రాష్ట్రం పింఛను వయసును తర్వాత అరవైకి దించింది, మొత్తాన్ని 2024లో నెలకు నాలుగు వేలు చేసింది. గణాంకాల మనిషికి మాత్రం ఇది తలనొప్పి. డెబ్భై రెండేళ్ల గట్టి మనిషి డెబ్భై ఎనిమిదేళ్ల వరుసలో నిలబడితే ఆ వరుసలో చావు రేటు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ప్రపంచంలో నూరేళ్లు దాటినవాళ్లు ఎక్కువున్నారని పేరుమోసిన చోట్లను తవ్వితే చాలాసార్లు పుట్టిన తేదీ కాగితాలు సరిగా లేనివే బయటపడుతున్నాయన్న వాదం ఇందుకే పుట్టింది.

గంజి కేంద్రాల కరువు ఇంకొకందుకు కూడా గుర్తుంచుకోవాల్సింది. వాన పోవడంలో అది తక్కువ కరువేం కాదు. సైన్యం వచ్చి బావులు లోతు చేసింది, గంజి కాచి పోశారు. ధాత కరువులా ఐదో వంతు జనాన్ని అది తుడిచిపెట్టలేదు. ఆ తర్వాత డీడీటీ చల్లడం మొదలై మలేరియా తగ్గింది, 1970ల నడుమ మశూచి పోయింది. కరువుకూ చావుకూ మధ్య ఉన్న ముడి ఈ పీఠభూమి మీద ఇరవయ్యో శతాబ్దం నడిమి కాలంలో వదులైంది. ఆ తర్వాత వచ్చిన కరువులు పంటను తిన్నాయి, అప్పులు పెంచాయి, రైతుల ఉసురు తీశాయి. ముసలివాళ్లను మందలు మందలుగా మాత్రం చంపలేదు. చౌక బియ్యం వచ్చింది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడే గ్రామీణాభివృద్ధి సంస్థను నిలబెట్టాడు, బత్తలపల్లిలో దాని ఆసుపత్రి లేచింది. 1990ల్లో సత్యసాయి మంచినీటి పథకం ఏడు వందల పైచిలుకు ఊళ్లకు నీళ్లు తెచ్చింది. ఉపాధి హామీ పథకం దేశంలో మొదట మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఆరోగ్యశ్రీ మరుసటి ఏడాది ఏప్రిల్లో తొలి విడతగా అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. వీటిలో దేనివల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో విడదీసి చెప్పమంటే కుదరదు, కుదురుతుందని చెప్పేవాళ్లను నేను నమ్మను.

దేశం మొత్తం లెక్క మాత్రం స్పష్టంగా ఉంది. 1970-75లో పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం 49.7 ఏళ్లు. 2016-20కి 70. ఇరవై ఏళ్ల లాభం. ఇది చూసి మన తాతలు యాభైకే పోయేవాళ్లు, మనం డెబ్భై దాకా ఉంటున్నాం అనుకుంటాం. అసలు తప్పు అక్కడుంది. అప్పట్లో అరవై చేరిన మనిషి ఆ తర్వాత సగటున ఇంకో పద్నాలుగేళ్లు బతికేవాడు, ఇప్పుడు పద్దెనిమిదేళ్లు. లాభం నాలుగే. నూరేళ్ల కిందట అది పదేళ్లకు అటూ ఇటూ. మిగతా లాభమంతా ఎక్కువగా ఉయ్యాల్లో వచ్చింది. ఐదేళ్లలోపు పోయే పిల్లలు పోకుండా నిలబడ్డారు, ఆ నిలబడినవాళ్లే ఇప్పుడు నులక మంచాల మీద ఉన్నారు. పాత ఊళ్లో పలక మోత తక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణమే. పసిబిడ్డల చావుకు పలక కొట్టరు. పాత గుడ్డలో చుట్టి, తండ్రో మేనమామో చీకటితో తీసుకుపోయి పూడ్చి వచ్చేవాళ్లు. రచ్చకట్ట పెద్దమనుషుల జ్ఞాపకంలో ఆ చావులు లేవు, వాళ్ల తల్లుల జ్ఞాపకంలో ఉండి ఉంటాయి. పెద్దాయన తన తోడబుట్టినవాళ్లను ఎంచినప్పుడు మొదట ముగ్గురన్నాడు. కాసేపాగి ఇంకో నలుగురిని కలిపాడు, పేర్లు లేవు.

ఇప్పుడు ముసలివాళ్లు దేనితో పోతున్నారు? ఈ జిల్లా పల్లెల మీద అంత పక్కా అధ్యయనం నాకు తారసపడలేదు గానీ గోదావరి జిల్లాల్లో 2003-04లో ఒకటి జరిగింది. 45 ఊళ్లలో ఏడాదిలో జరిగిన 1354 చావులను ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పోయి, చివరి రోజుల్లో ఏమేం జరిగిందో బంధువులను అడిగి రాశారు. మూడింట ఒక వంతుకు దగ్గరగా గుండె జబ్బులు, పక్షవాతం. అక్కడ మాగాణి, ఇక్కడ మెట్ట. అక్కడి కథ ఇక్కడికి ముక్కకు ముక్క అతకదు. కానీ రచ్చకట్ట మీద ఎంచిన పదకొండు మందిలో "షుగరు" అన్న మాట ఆరుసార్లు వినబడింది. కడుపులో ఉన్నప్పుడు తల్లి పస్తులుంటే ఆ బిడ్డకు పెద్దయ్యాక ఈ జబ్బులు ఎక్కువగా వస్తాయని, 1944-45 చలికాలపు కరువులో నెదర్లాండ్స్‌లో పుట్టినవాళ్లను దశాబ్దాల తరబడి గమనించి పరిశోధకులు తేల్చారు. నందన కరువులో గంజి తాగి కన్న తల్లుల బిడ్డలకు ఇప్పుడు డెబ్భై దాటింది. వాళ్లను ఇట్లా ఎవరైనా లెక్కబెడితే బాగుండును. కొర్ర సంగటి, రాగి సంగటి పోయి మూడు పూటలా తెల్లబియ్యం తినడం కూడా ఆ లెక్కలోకి రావాలి.

అప్పుడప్పుడు పాత తరహా చావులు తొంగిచూస్తాయి. 2015 మే నెల వడగాలుల్లో దేశంలో పోయిన రెండు వేల పైచిలుకు మందిలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన చావులు మామూలు మే నెలలకన్నా కొన్ని రెట్లు ఎక్కువ. కరోనా అని రాయని చావులు కూడా ఆ మొత్తంలో దాగి ఉన్నాయి. వాటిని బయటికి తీసిన పద్ధతి 1877లో కార్నిష్ వాడిందే. ఈ ఏటి చావుల్లోంచి మామూలు ఏటి చావులు తీసెయ్యి, మిగిలింది చూడు. కరువైనా కరోనా అయినా లెక్కబెట్టే చెయ్యి ఒకటే.

మామూలు ఏడు అంటే ఏది అన్నదే ఇప్పుడు ఈ పల్లెల్లో తేలని ప్రశ్న. జనం ఒకచోట నిలకడగా ఉంటే కదా. కదిరి వైపు, కళ్యాణదుర్గం వైపు పల్లెల్లోంచి వయసువాళ్లు కట్టడం పనులకు, గార్మెంట్ ఫ్యాక్టరీలకు బెంగుళూరు పోతారు. ఉగాదికో మొహర్రానికో వస్తారు. ఓటు ఇక్కడ, రేషన్ ఇక్కడ, బతుకు అక్కడ. జబ్బు ముదిరిన తల్లిదండ్రులను కొందరు నగరానికి తీసుకుపోతారు, ఆ చావు అక్కడ నమోదవుతుంది. నగరంలో పనిచేసి ఒళ్లు పాడైనవాళ్లు ఊరికొచ్చి పోతారు, ఆ చావు ఇక్కడ పడుతుంది. భిన్నంలో పైదీ కిందదీ వేరువేరు బస్సులెక్కి తిరుగుతుంటే పల్లె చావు రేటు ఎంత అంటే ఏం చెప్పాలి?

పన్నెండో పేరు నేనక్కడ ఉండగానే వచ్చింది. పక్క వీధిలో మంచాన ఉన్న ఒక అవ్వ. ఎనభై అని ఒకరు, ఎనభై ఐదని ఒకరు. వెనకటి రోజుల్లోనైతే పొద్దు గూకేలోపు ఎత్తేసేవాళ్లు. ఇప్పుడు ముందు ఫోన్లు పోయాయి, తర్వాత ఆటో వెనక గాజుమూత ఉన్న ఐసు పెట్టె దిగింది. ఇద్దరు కొడుకులు యలహంక నుంచి, మనవడు హోసూరు నుంచి రావాలి. అద్దె రోజుకింతని ఆటో అతను చెప్పాడు. ఈమధ్య బేరాలు బాగున్నాయన్నాడు గానీ, అన్నాక నాలిక కరుచుకున్నాడు.

పెట్టెను అరుగు మీదికెక్కించడానికి మనుషులు కావాల్సొచ్చింది. పెద్దాయన కార్డు కవర్లో పెట్టి, కవరు జేబులో పెట్టి లేచాడు. ఇంకో ఇద్దరు లేచారు. నాలుగో మూల నేను పట్టుకున్నాను.